చనువు బిళ్ళ

దక్షిణామూర్తి తన భార్యను "తమరెవరి తాలూకండీ?" అని అడిగింది ఒక మంగళవారం ఉదయం, ఇడ్లీ తింటూ. ఆ ప్రశ్నలో కోపం లేదు, భయం లేదు, కంగారు లేదు. కొత్త ఓడ ఎక్కినప్పుడు దాని కెప్టెన్‌ను ఎంత మర్యాదగా పలకరించేవాడో అంత మర్యాదగా అడిగాడు. విశాఖపట్నం రేవులోకి పరాయి దేశాల ఓడలను నడిపించుకొచ్చే పైలట్‌గా ఉద్యోగమంతా గడిపిన మనిషి ఆయన. ముక్కూ మొహం తెలియనివారితో ఎలా మెలగాలో ఆయన మెదడు ఇంకా మరచిపోలేదు. మరచిపోయింది వకుళను.

వకుళ చట్నీ గిన్నె బల్లమీద పెట్టి, తానెవరో చెప్పింది. ఆయన తల వంచి శ్రద్ధగా విని, "అలాగాండీ, సంతోషం" అన్నాడు. అది నమ్మినవాడి జవాబు కాదు, నొప్పించడం ఇష్టం లేనివాడి జవాబు.

అంతలో గేటు చప్పుడైంది. వాలంటీరు సన్యాసిరావు లోపలికి వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి విరమించినవాడు, బుర్రమీసాలవాడు, గుమ్మానికి తల వంచి రావలసినంత పొడగరి. అతని చొక్కా జేబుకు రూపాయి బిళ్ళంత నీలం బిళ్ళ ఒకటి పెట్టి ఉంది. అది గుమ్మం దాటిన క్షణాన దక్షిణామూర్తి ముఖం విప్పారింది.

"ఎక్కడికెళ్ళిపోయావు? ఇందాకట్నించీ నీకోసమే చూస్తున్నాను" అని ఆయన సన్యాసిరావుతో అని, సోఫాలో పక్కకు జరిగి చోటు చూపించాడు. తరువాత గొంతు తగ్గించి, ఎదురుగా నిలబడ్డ వకుళను కళ్ళతో చూపిస్తూ, ఆవిడకు కూడా టిఫిను పెట్టించమని చెప్పాడు.

సన్యాసిరావు నేలచూపులు చూశాడు. "నానేటి సెయ్యనమ్మా" అన్నాడు మెల్లగా. అతడు చేయగలిగింది ఏమీ లేదని వకుళకు తెలుసు. తిట్టడానికి ఎదురుగా ఒక దుర్మార్గుడైనా లేకపోవడమే ఆమెకు అన్నిటికంటే దుర్భరంగా తోచింది.

*

ఆ బిళ్ళలు రాకముందు, మతిమరుపు జబ్బు ముదిరాక, దక్షిణామూర్తి వకుళను తప్ప ఎవరినీ దగ్గరకు రానిచ్చేవాడు కాదు. నర్సును పెడితే ఆమె చేతిని కొరికాడు. మగ మనిషిని పెడితే స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. బంధువులు ఫోనులో ధైర్యం చెప్పారు. ధైర్యం చెప్పడానికి బస్సు ఎక్కనక్కరలేదు. స్త్రీల కళాశాలలో చరిత్ర బోధించి, ఇంటినిండా పుస్తకాలు పోగుచేసుకున్న వకుళ ఒక పేజీ మొదలుపెట్టి అదే పేజీలో ఆగిపోవడానికి అలవాటు పడింది. ఎడమ కంటికి చేయించుకోవలసిన ఆపరేషన్ వాయిదాలమీద వాయిదాలు పడి, ఆ కంటిలో వెలుతురు సన్నగిల్లుతూ వచ్చింది.

సముద్రానికి ఎదురుగా గుట్టమీద ఉన్న మెదడు పరిశోధనాలయంలో డాక్టర్ పరాంకుశం అప్పుడు సరిగ్గా ఇలాంటి ఇంటికోసమే వెదుకుతున్నాడు. ఆయన దక్షిణామూర్తి చెవి వెనుక పలుచని పట్టీ ఒకటి అతికించి, గోడమీది తెరలో పాకుతున్న ఆకుపచ్చ గీతను వకుళకు చూపించాడు.

"తెలిసిన మనిషిని చూస్తే పేరు గుర్తు రావడానికి ముందే ఒక అల లేస్తుందండీ. నావాళ్ళు వచ్చారు అనే అల. ఈ జబ్బు పేర్లను ముందు తినేస్తుంది, అలను చిట్టచివర. మీరు ఎదురుగా కూర్చుంటే ఆ అలను పట్టుకుంటాం" అన్నాడు.

ఆమెను భర్తకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రేమగా మాట్లాడమన్నారు. వకుళ "ఏమండీ, బాగున్నారా?" అన్నది. గీత కదలలేదు. ఇంకొంచెం ప్రేమగా అనమన్నారు. అన్నది. దక్షిణామూర్తి పంకా వైపు చూశాడు. గది నిండా ఉన్న కుర్రవాళ్ళ ముందు ఆమె చెవులు వేడెక్కాయి. ఇంతలో ఆయన బల్లమీది కాగితం చింపి నోట్లో పెట్టుకోబోయాడు. వకుళ విసురుగా లేచి, "అదేమన్నా అప్పడమా? ఇటివ్వండి" అని కాగితం లాక్కున్నది.

గీత తెర అంచు దాకా లేచింది.

కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. వకుళ మాత్రం ఆ గీతనే చూస్తూ నిలబడిపోయింది. కాపురం పొడుగునా ఆయన నోటితో ఏనాడూ చెప్పని సంగతి అక్కడ కొండ శిఖరంలా నిలిచి ఉంది. ఆయన మనసులో తన ఎత్తు ఎంతో ఆమె మొదటిసారి చూసింది, అదీ పరాయివాళ్ళ మధ్య.

ఆ అలను వాళ్ళు దాచారు. నీలం బిళ్ళ పెట్టుకున్న మనిషి దగ్గరకు వస్తే చాలు, పట్టీ అదే అలను ఆయన మెదడులో మళ్ళీ లేపుతుంది. వచ్చినది ఎవరైనా సరే, సొంత మనిషి వచ్చినట్టే ఉంటుంది. పరాంకుశం దానికి చనువు తరంగం అని పేరు పెట్టాడు. వాలంటీర్లు చనువు బిళ్ళ అనేవారు.

*

మొదటి నెలలను వకుళ తరువాత ఎన్నడూ తప్పుపట్టలేదు. నిజం నిజమే. కంటి ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం పూట పడుకొని, ఎవరూ కేకవేయకుండా లేచింది. గ్రంథాలయానికి నడిచి వెళ్ళి, వెనక్కి పరుగెత్తుకు రావలసిన అవసరం లేకుండా ఒక పుస్తకం పూర్తిచేసింది. అక్కడ ఇల్లు గుర్తొచ్చి ఏడ్చింది కూడా, కాని అది హాయితో వచ్చిన ఏడుపు.

పరిశోధనాలయం కింది అంతస్తులోని హాలులో ఫిలోమినా అనే అమ్మాయి వాలంటీర్లకు తర్ఫీదు ఇచ్చేది. మొదటి జట్టుకు పాఠం చెప్పింది వకుళే. ఆయన గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటాడని, చొక్కా తొడిగేటప్పుడు కుడిచేయి ముందు ఎక్కించాలని, సబ్బు చూపించకుండా నీళ్ళు పోయవద్దని చెప్పింది. సన్యాసిరావు అన్నీ శ్రద్ధగా విని, చివర లేచి, మరి బాబుగారు టిక్కెట్టు అడిగితే ఏం చేయాలని అడిగాడు. అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది. ఉదయం సన్యాసిరావు, మధ్యాహ్నం బ్యాంకులో పనిచేసి విరమించిన ఒకావిడ, సాయంత్రం ఎవరు ఖాళీగా ఉంటే వారు. ఆయన అందరినీ చూసి వెలిగిపోయేవాడు. అందరి చేతా స్నానం చేయించుకున్నాడు. ఎవరినీ కొరకలేదు. పత్రికలవాళ్ళు వచ్చి వాలంటీర్ల ఫొటోలు తీసుకున్నారు. సేవ అనే మాట ఆ వ్యాసాల్లో విరివిగా వచ్చింది. వకుళ పేరు ఒకచోట వచ్చింది, తప్పుగా.

ఆ తరువాత వచ్చింది ఇడ్లీల మంగళవారం.

*

పరాంకుశం చెడ్డవాడు కాడు. వకుళ చెప్పినది వినగానే దక్షిణామూర్తిని కారులో పిలిపించాడు. ఆమెను ఆయన ముందు నిలబెట్టాడు. ఆమె "ఇటు చూడండి" అని కసిరింది. కాగితం లాక్కున్నది. గీత పడుకొనే ఉంది. తరువాత బిళ్ళ పెట్టుకున్న ఫిలోమినా గదిలోకి వచ్చింది. గీత లేచింది. అదే శిఖరం, అదే ఎత్తు. వకుళ దాన్ని ఎక్కడ చూసినా గుర్తుపట్టగలదు. అది తనది.

డాక్టరు తెర చూపిస్తూ మెల్లగా విడమరిచి చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆయన దగ్గరకు వచ్చిన ప్రతి మనిషితోపాటు అల కూడా వచ్చింది. అది మనుషుల ముఖాలనుంచి కాక బయటనుంచి వస్తున్నదని మెదడు నేర్చుకుంది. ఆమె ముఖం చూసినప్పుడు దానంతట అది అల లేపవలసిన పని మానేసింది. ఇక ఇప్పుడు ఆ ఇంట్లో అల లేకుండా తిరిగే మనిషి ఒక్కరే.

చెప్పడం ముగించి ఆయన, "ఇంతకీ మీ బిళ్ళ ఏదండీ?" అన్నాడు.

"నాకెవరూ ఇవ్వలేదు."

డాక్టరు ఫిలోమినా వైపు చూశాడు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "ఇంటావిడకి ఎందుకనుకున్నామండీ" అన్నది.

వకుళకు నవ్వు వచ్చినంత పని అయింది. ఇంటికి బంతి భోజనానికి మనుషులు వస్తే విస్తళ్ళు లెక్కపెట్టే ఆడది తనను విడిచిపెట్టి లెక్కపెడుతుంది. తనకంటూ విస్తరి వేసుకోదు. మిగిలినదేదో వంటింట్లో, గిన్నెలోనే తింటుంది. దాన్ని ఎవరూ నియమంగా రాసిపెట్టలేదు. రాసిపెడితే ఎవరో ఒకరు ఎదిరించి ఉండేవారు. ఇంటికి ఎన్ని బిళ్ళలు కావాలని ఫిలోమినా అడిగిన రోజున లెక్క చెప్పింది వకుళే. ఎంత చదువుకొని, ఎన్ని సంవత్సరాలు తరగతులలో నిలబడి మాట్లాడినా, ఆ లెక్కలో తాను లేదు.

"మీరు దొంగిలించారని అనను డాక్టరుగారూ" అన్నది. "దొంగకు తాను తీసుకుంటున్నది ఏమిటో తెలుస్తుంది."

పరాంకుశం తల దించుకున్నాడు. బిళ్ళలు ఆపేస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. అలవాటు తిరిగి రావచ్చునని, రాకపోవచ్చునని ఆయన చెప్పాడు. "కాని ఆ కొన్నాళ్ళూ ఆయనకు ఎవరూ సొంతమనిషి కారు. మీరు కూడా. అప్పుడు స్నానం చేయించబోతే ఆయన కొరికేది మిమ్మల్నేనండీ."

మిగిలిన దారి ఒక్కటే. వకుళ కూడా బిళ్ళ పెట్టుకోవాలి. దానికో చిక్కు ఉంది. పరిశోధన నియమాల ప్రకారం బిళ్ళ తర్ఫీదు పొందిన వాలంటీర్లకే ఇస్తారు. భార్యకు ఇవ్వాలంటే ఆమె మొదట వాలంటీరు కావాలి. ఈ మాట చెబుతున్నప్పుడు డాక్టరు ముఖంలో సిగ్గు కనిపించింది. సిగ్గుపడినంత మాత్రాన నియమం మారలేదు.

*

వకుళ కొత్త జట్టుతో కలిసి హాలులో కూర్చుంది. అదే హాలు. దీపాలు ఆర్పి చూపించిన మొదటి చిత్రంలో ఉన్నది తానే. కాగితం లాక్కుంటున్న తన చేయి, తన విసురు, గోడంత పెద్దగా. ఫిలోమినా తడబడుతూనే చెప్పుకుపోయింది: గొంతులో కొంచెం విసుగు ఉండాలి, కోపం ఉండకూడదు, నడకలో చొరవ ఉండాలి, అడగకుండా వస్తువు అందుకోవాలి. వాలంటీర్లు రాసుకున్నారు. తరువాత ఒక్కొక్కరే లేచి అలా నడిచి చూపించారు. వకుళ వంతు వచ్చింది. ఆమె నడిచింది.

"మీరు మరీ మెల్లగా వస్తున్నారండీ" అన్నది ఫిలోమినా, అని నాలుక కరచుకుంది.

అది నిజమే. వకుళ ఇప్పుడు భర్త గదిలోకి మెల్లగానే వెళుతున్నది, పరాయి ఇంట్లో అడుగుపెట్టినట్టు.

విరామంలో సన్యాసిరావు టీ తెచ్చి ఇచ్చాడు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు సాయంగా రావాలని ఏర్పాటు. "ముప్పై ఏళ్ళు మంది పాసులు సూసినోణ్ణి అమ్మా" అన్నాడు. "సొంత ఇంటికెళ్ళడానికి పాసు కావలసిన మనిషిని మాత్రం మిమ్మల్నే సూత్తన్నాను."

"చూశారుగా. ఇక చిల్లర ఇవ్వండి" అన్నది వకుళ. అతను నవ్వాలో వద్దో తెలియక మీసం దువ్వుకున్నాడు.

మధ్యాహ్నం పాఠం సంరక్షకుల గురించి. అంతా కలిపి తెరమీద ఒక్క వాక్యం ఉంది: ఇంట్లోవారిని విశ్రాంతి తీసుకోమని పంపించండి. వకుళ చేయి ఎత్తింది. ఎక్కడికి పంపించాలో అందులో లేదేమని అడిగింది. తన ఇంటికి ఇంతమంది వచ్చారు, అందరూ ఎంతో దయతో మీరెళ్ళి పడుకోండమ్మా అన్నారు, పక్క గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేశారు. కూర్చోమని ఒక్కరూ అనలేదు. ఏం చదువుతున్నారని ఒక్కరూ అడగలేదు. ఆమె గొంతు పెంచకుండా, పాఠం చెబుతున్నట్టే చెప్పింది. ఫిలోమినా ఆ మాట పైవారికి చెబుతానన్నది.

ఆమెకు బిళ్ళ ఇచ్చారు.

*

మొదటిసారి ఎలా ఉంటుందో చూడడానికి ఫిలోమినా కూడా ఆటోలో వచ్చింది. కాని లోపలికి రావద్దని, తన బిళ్ళతో గేటు బయటే ఉండమని వకుళ చెప్పింది. మధ్యాహ్నపు విధి ముగించుకున్న బ్యాంకావిడ అప్పుడే వెళ్ళిపోయింది. దక్షిణామూర్తి వరండాలో కూర్చొని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకొని, బత్తాయి ఒలుస్తున్నాడు. తొక్క తెగకుండా తీయడం మీదే ధ్యాసంతా.

వకుళ మెట్లెక్కింది. ఆయన తలెత్తాడు.

ఆ చూపును ఆమె మళ్ళీ చూస్తాననుకోలేదు. అది ఎక్కడినుంచి వస్తున్నదో ఆమెకు స్పష్టంగా తెలుసు. పట్టీ, బిళ్ళ, దాచిపెట్టిన ఒక విసురు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె ఆయన పక్కన కూలబడింది.

"వచ్చావా" అన్నాడు ఆయన. "ఎంతసేపూ."

"వచ్చాను."

ఆయన ఆమె చేతిమీద చేయి వేశాడు. కొంతసేపు ఇద్దరూ వీధి చూశారు. కొబ్బరిబోండాల బండి వెళ్ళింది. ఇన్ని నెలలుగా తనకు రాకుండా పోయిన ఈ నిశ్శబ్దాన్ని వకుళ దాహంతో ఉన్నదానిలా అనుభవించింది. ఇలాగే ఉండిపోవచ్చునని, రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకున్నట్టు బిళ్ళ పెట్టుకోవచ్చునని అనుకుంది. తన అలను తానే అరువు తెచ్చుకుంటే తప్పేమిటి అనుకుంది.

అప్పుడు దక్షిణామూర్తి ఆమె వైపు వంగి, గుట్టుగా మాట్లాడే గొంతు చేశాడు.

"ఈ ఇంట్లో ఒకావిడ ఉంటుంది. చూశావా?"

"ఎవరావిడ?" అన్నది వకుళ.

"ఎవరో మరి. పెద్దావిడే. నాకు పెడుతుంది, బట్టలు మడత పెడుతుంది. ఎవరి తాలూకో చెప్పింది గాని నాకు నిలవలేదు. ఆ మాట మళ్ళీ అడిగితే బాగుండదు కదా."

"ఆవిడంటే భయమేస్తోందా మీకు?"

"భయమెందుకు? మంచావిడ." ఆయన చేతిలోని బత్తాయిని అటూ ఇటూ తిప్పాడు. "ఇక్కడికి ఎంతమంది వస్తారో. అందరూ నాకోసమే వస్తారు. ఆవిడకోసం ఎవరూ రారు. ఆ గదిలోకి పోయి ఒక్కత్తీ కూర్చుంటుంది. నాకు చూస్తే ఎలాగో ఉంటుంది. నువ్వు కాస్త మాట్లాడు ఆవిడతో. నేను మాట్లాడితే ఏమనుకుంటుందో, పరాయి ఆడమనిషి."

ఈ మాటలను ఎవరూ ఆయన మెదడులో పెట్టలేదు. వీటికి రికార్డు లేదు, గీత లేదు, శిఖరం లేదు. ఆ ముఖం ఎవరిదో తెలియకుండా, చెవి వెనుక ఏ అలా లేవకుండా, తలుపు దగ్గరగా వేసి ఉన్న గది వైపు ఆయన రోజూ చూశాడు. అక్కడ ఒక మనిషి ఒంటరిగా ఉన్నదని తనంతట తానే కనిపెట్టాడు. ఇన్నాళ్ళలో ఆ ఇంటికి వచ్చిన ఆరోగ్యవంతులెవరికీ కనపడనిది ఆయనకు కనపడింది. బిళ్ళ లేపినది వేడిచేసి వడ్డించిన నిన్నటి ప్రేమ. ఇది ఇవాళ పుట్టినది. చిన్నదే. కాని ఇది తనకోసమే పుట్టింది.

ఆమె మెల్లగా చేయి విడిపించుకొని లేచింది. ఎక్కడికని ఆయన అడిగాడు. ఆవిడతో మాట్లాడి వస్తానని చెప్పింది.

గేటు దగ్గర బిళ్ళ తీసి ఫిలోమినా చేతిలో పెట్టి, అల పొరపాటున కూడా లోపలికి రాకుండా ఆటో ఎక్కి వీధి మలుపు దాకా వెళ్ళమన్నది.

"పనిచెయ్యలేదాండీ?" అన్నది ఆ అమ్మాయి.

"చేసింది. నిక్షేపంగా చేసింది."

"మరి?"

"సన్యాసిరావుగారిని, మిగతావాళ్ళని మామూలుగానే రమ్మనండి. ఆయన స్నానం ఆగడానికి వీల్లేదు. నాకు మాత్రం ఇది వద్దు." ఆమె గేటు గడియమీద చేయి వేసింది. "వచ్చే జట్టుకు ఆ సంరక్షకుల పాఠం నేను చెబుతాను. ఒక్క వాక్యం సరిపోదు. మీ డాక్టరుగారిని కూడా వచ్చి జట్టుతోపాటు బల్లమీద కూర్చోమనండి."

ఆటో వెళ్ళిపోయింది. దాని చప్పుడు వినపడకుండా పోయేదాకా వకుళ అక్కడే నిలబడి, తరువాత వెనక్కి తిరిగి వరండా మెట్లెక్కింది.

దక్షిణామూర్తి తలెత్తాడు. ముఖంలో వెలుగు లేదు. దాని స్థానంలో పరిచయం లేని పెద్దావిడ ఎదురైతే మర్యాదస్థుడైన మనిషి తెచ్చుకునే సర్దుబాటు ఉంది. ఒళ్ళోని పళ్ళెం పక్కన పెట్టి, సగం లేచి నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి" అన్నాడు. "మా ఆవిడ ఇప్పుడే అటు వెళ్ళింది. వచ్చేస్తుంది. మీతో మాట్లాడాలంది."

వకుళ కూర్చుంది. ఏదో ఒకటి అనాలి. పమిట కొంగు సర్దుకుంది. ఆయన ఆమె ఇబ్బందిని గమనించినవాడిలా మళ్ళీ పళ్ళెం అందుకొని, బత్తాయి తొనలు విడదీసి రెండు వాటాలు వేశాడు. ఒక వాటా ఆమె ముందుకు జరిపాడు.

"తీసుకోండి. మొహమాటం వద్దు."

"మరి అది?"

"అది మా ఆవిడకి."

పళ్ళెంలో ఆయనకంటూ ఏమీ మిగలలేదు. వకుళ ఒక తొన నోట్లో వేసుకున్నది. పుల్లగా ఉంది. ఆ తొన మింగి, మీ ఆవిడ రావడానికి ఆలస్యమవుతుందేమో అన్నది.

"కానివ్వండి" అన్నాడు దక్షిణామూర్తి. రెండవ వాటామీద ఈగలు వాలకుండా అరచేయి అడ్డం పెట్టి, గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు.